పెళ్లి కాగితంతో పౌరసత్వం తేలదు

సంపాదకులకు,

నమస్కారం. పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేసుకునే వివాహితల విషయంలో మన వరంగల్, హనుమకొండ జిల్లాల్లోనూ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపునా ఏళ్ల తరబడి పాతుకుపోయిన ఒక అపోహను మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. భారత పౌరుణ్ని పెళ్లాడినందువల్లనే స్త్రీకి పౌరసత్వం నిలుస్తుందని, కాబట్టి పాస్‌పోర్ట్ కావాలంటే ఆమె ముందుగా తన పెళ్లిని, ఆ తర్వాత భర్త పౌరసత్వాన్ని రుజువు చేసుకోవాలని ఎంతోమంది నమ్ముతున్నారు. దరఖాస్తు చేసుకునేవారు మాత్రమే ఇలా నమ్ముతున్నారని చెప్పలేను. వారి ఫారాలు నింపే ఏజెంట్లు, అప్పుడప్పుడు విచారణకు వచ్చే సిబ్బంది కూడా ఇదే మాట చెప్పి పంపుతున్నారు. దీనివల్ల ఈ నేల మీదనే పుట్టి పెరిగిన ఆడపిల్లలు లేని కాగితాల కోసం తిరుగుతున్నారు. మరోపక్క, వేరే దేశంలో పుట్టి మనవారిని పెళ్లాడి వచ్చినవారు పెళ్లితోనే అంతా అయిపోయిందనుకుని, చట్టప్రకారం చేయవలసిన పని చేయకుండా చిక్కుల్లో పడుతున్నారు.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందాను. జనన, నివాస ధ్రువపత్రాల దస్త్రాలు నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి. ఇప్పుడు మా కాలనీవారికీ, మా పుట్టినూరి నుంచి వచ్చేవారికీ పాస్‌పోర్ట్ ఫారాలు నింపి పెడుతుంటాను. గల్ఫ్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళ్లవలసిన కోడళ్లు, అమెరికాలో కూతురి పురిటికి వెళ్లవలసిన తల్లులు, ఎన్నడూ బడికి పోని పెద్దమ్మలు కూడా వారిలో ఉంటారు. దాదాపు ప్రతి ఒక్కరూ ఫారం తెరవకముందే అడిగే ప్రశ్న, "అమ్మా, మాకు పెళ్లి సర్టిఫికెట్ లేదు, మరి ఎట్లా?" అన్నదే.

పాస్‌పోర్ట్ దరఖాస్తులో భారత పౌరసత్వం ఎలా వచ్చిందో తెలపాలని ఒక గడి ఉంటుంది. అక్కడ ఎంచుకోవడానికి ఉన్నవి పుట్టుక, వంశక్రమం, నమోదు లేదా సహజీకరణ (విదేశీయులు ఇక్కడ చాలాకాలం నివసించి పౌరసత్వం పొందడం). వివాహం అన్న మాట ఆ గడిలో లేదు, ఉండడానికి వీలు కూడా లేదు, ఎందుకంటే 1955 నాటి పౌరసత్వ చట్టంలో పెళ్లితో దానంతట అది వచ్చే పౌరసత్వం అనేదే లేదు. ఆ చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 మొదలుకొని 1987 జులై 1కి ముందు భారతదేశంలో పుట్టినవారు, విదేశీ దౌత్యవేత్తల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు పోగా, తల్లిదండ్రులు ఎవరన్నదానితో నిమిత్తం లేకుండా పుట్టుకతోనే పౌరులు. 1987 జులై 1 నుంచి 2004 డిసెంబరు 3కి ముందు పుట్టినవారి విషయంలో తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. ఈ మూడు నియమాల్లో ఎక్కడా భర్త ప్రసక్తి లేదు. నర్సంపేట దగ్గర 1980లో పుట్టి హుజూరాబాద్ కోడలైన స్త్రీ, ఆమె భర్త ఎవరైనా, ఆ పెళ్లి నిలిచినా నిలవకపోయినా, తాను పుట్టిన నాటి నుంచీ భారత పౌరురాలే. ఆమె చూపవలసింది తాను ఎవరో, ఎప్పుడు ఎక్కడ పుట్టిందో, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నదో తెలిపే ఆధారాలు మాత్రమే.

మరి ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే పుట్టినది కాదు. ఒకప్పుడు చాలా దేశాల చట్టాలు నిజంగానే అలా ఉండేవి. అమెరికాలో 1855లో చేసిన చట్టం వల్ల అక్కడి పౌరుణ్ని పెళ్లాడిన విదేశీ స్త్రీ పెళ్లితోనే అమెరికా పౌరురాలైపోయేది. 1907 చట్టం దానికి రెండో వైపు చూపించింది. విదేశీయుణ్ని పెళ్లాడిన అమెరికా స్త్రీ తన సొంత దేశపు పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. 1922లో వచ్చిన కేబుల్ చట్టం ఈ పద్ధతిని సడలించడం మొదలుపెట్టింది. ఆనాటి కుటుంబాల్లో అమ్మమ్మ పౌరురాలా కాదా అన్నది తేల్చడానికి ఆమె పెళ్లి తేదీని, తాత పౌరసత్వ పత్రాన్ని ఈనాటికీ వెతకవలసి వస్తుంది. బ్రిటన్‌లో 1914 నాటి చట్టం కూడా బ్రిటిష్ ప్రజ భార్యను బ్రిటిష్ ప్రజగానే పరిగణించాలని చెప్పింది. భార్యకు తనదంటూ వేరే దేశం ఉండదన్న భావన ఈ చట్టాలన్నిటికీ పునాది.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో ఎవరిని ముల్కీగా, అంటే స్థానికుడిగా, గుర్తించాలో చెప్పేచోట పుట్టుకతో పాటు, 15 ఏళ్ల నివాసంతో పాటు, ముల్కీకి భార్య అయిన స్త్రీ కూడా ముల్కీయేనని రాసి ఉంది. అది పౌరసత్వానికి కాదు, ఉద్యోగాల్లో స్థానికతకు సంబంధించిన నియమమే అయినా, ఆ సర్టిఫికెట్లు మన తాతల కాలంలో ఎంత పెద్ద విషయమో వరంగల్ వారికి చెప్పనక్కరలేదు. 1952లో ముల్కీ ఉద్యమం రాజుకున్నది ఇక్కడే. భార్య గుర్తింపు భర్త గుర్తింపును అనుసరిస్తుందన్న ఆలోచన మన కచేరీల్లో ఒక తరం పాటు రాతపూర్వకంగానే అమలులో ఉంది కనుక, అది జనం మనసుల్లో మిగిలిపోవడంలో వింత లేదు. కానీ స్వతంత్ర భారతం చేసుకున్న చట్టం ఆ దారిన నడవలేదు. 1955 చట్టం పౌరుణ్ని పెళ్లాడిన విదేశీ స్త్రీకి దరఖాస్తు చేసుకుని నమోదు ద్వారా పౌరసత్వం పొందే వీలు కల్పించింది తప్ప, పెళ్లినే పౌరసత్వంగా మార్చలేదు. మొదట్లో ఆ వీలు స్త్రీలకు మాత్రమే ఉండేది. భారత స్త్రీని పెళ్లాడిన విదేశీ పురుషుడికి ఆ దారి లేదు. 1986 సవరణలో "స్త్రీలు" అన్నచోట "వ్యక్తులు" అని మార్చిన తర్వాతే ఇద్దరికీ ఒకే నియమం వచ్చింది. అలాగే విదేశంలో పుట్టిన బిడ్డకు వంశక్రమంగా పౌరసత్వం రావడానికి 1992 డిసెంబరు 10కి ముందు తండ్రి మాత్రమే లెక్కలోకి వచ్చేవాడు. ఆ తేదీ నుంచే తల్లి పౌరసత్వం కూడా చెల్లుతోంది. చట్టం ఇంత దూరం నడిచి వచ్చిన తర్వాత కూడా మన ఊళ్లలో వివాహితను భర్త కాగితాలతో కొలవడం నాకు బాధ కలిగిస్తున్నది.

ఇక్కడ పుట్టిన వివాహితకు అసలు కష్టం పౌరసత్వంలో లేదు, పేర్లలోనూ కాగితాల్లోనూ ఉంది. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్లయిన ఏడాదికి అత్తింటి రేషన్ కార్డులో చేరేటప్పుడో, ఆధార్‌లో చిరునామా మార్చేటప్పుడో ఎవరూ అడగకుండానే ఇంటిపేరు మారిపోతుంది. ఓటరు కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు చివర భర్త పేరు వచ్చి చేరుతుంది. పెళ్లయ్యాక స్త్రీ ఇంటిపేరు మార్చుకుని తీరాలని చెప్పే చట్టం మన దేశంలో ఏదీ లేదు. పుట్టింటి ఇంటిపేరుతోనే జీవితాంతం ఉండవచ్చు, ఆ పేరుతోనే పాస్‌పోర్ట్ తీసుకోవచ్చు. అత్తింటి ఇంటిపేరుతో పాస్‌పోర్ట్ కావాలనుకున్నప్పుడు మాత్రమే ఆ మార్పుకు ఆధారం చూపవలసి ఉంటుంది. ఈ తేడా తెలియక, ఏ పేరుతో దరఖాస్తు పెట్టాలో తేల్చుకోకుండా, ఒక కాగితంలో ఒక పేరు, మరో కాగితంలో మరో పేరు పట్టుకుని వెళ్లి వెనక్కి వచ్చేవారే ఎక్కువ. నా సలహా అడిగిన ప్రతి అమ్మాయికీ నేను చెప్పేది ఒకటే: ముందు నీ పేరు ఏదో నువ్వు నిర్ణయించుకో, ఆ తర్వాత మిగతా కాగితాలను దానికి అనుగుణంగా సరిచేయించుకో, అపాయింట్‌మెంట్ చివరన తీసుకోవచ్చు.

పేర్ల మీద ఊళ్ల చిక్కు ఒకటి. మన దగ్గర జిల్లాలు మారినంతగా మరెక్కడా మారి ఉండవనిపిస్తుంది. 2016 అక్టోబరుకు ముందు పరకాలలో పుట్టిన అమ్మాయి పాత కాగితాల్లో వరంగల్ జిల్లా అని ఉంటుంది. ఆ తర్వాత అది వరంగల్ రూరల్ అయింది, 2021లో హనుమకొండ జిల్లాలో కలిసింది. ములుగు అమ్మాయికి వరంగల్, జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు అని మూడు జిల్లాల పేర్లు వస్తాయి. 2014 జూన్‌కు ముందటి కాగితాల్లో రాష్ట్రం పేరే వేరు. ఊరు కదలలేదు, మనిషి కదలలేదు, అయినా కాగితాలు చూసేవారికి ముగ్గురు మనుషులు మూడు చోట్ల పుట్టినట్టు కనిపిస్తుంది. పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చిన స్త్రీకి ఈ గందరగోళం రెట్టింపవుతుంది, ఎందుకంటే ఆమెకు రెండు ఊళ్లూ రెండు జిల్లాలూ ఉంటాయి. కాళేశ్వరం అవతలి సిరోంచ నుంచో, భూపాలపట్నం వైపు నుంచో కోడళ్లుగా వచ్చినవారి జనన రికార్డులు మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో ఉంటాయి, అవి కూడా మరాఠీలోనో హిందీలోనో ఉంటాయి. వారి మాట తీరు విని "మీది ఏ దేశం?" అని అడిగిన సందర్భం కూడా నాకు తెలుసు. గోదావరి, ప్రాణహిత నదులు దాటి ఆడపిల్లను ఇచ్చి పుచ్చుకోవడం ఇక్కడ తరాల నాటి ఆచారం. అది దేశాల మధ్య సరిహద్దు కాదని విచారణకు వెళ్లేవారికి గుర్తుచేయవలసి రావడం విచారకరం.

అధికారులు మనసు పెడితే ఈ కష్టంలో చాలా భాగం ఇప్పటికే తీరిపోయి ఉండాలి. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ పాస్‌పోర్ట్ నిబంధనలను బాగా సడలించింది. అప్పటి నుంచి వివాహ ధ్రువపత్రం తప్పనిసరి కాదు, దాని బదులుగా ఇచ్చే ప్రమాణపత్రం కూడా అక్కరలేదు. విడాకులు పొందినవారు, భర్త నుంచి విడిగా ఉంటున్నవారు భర్త పేరు రాయనవసరం లేదు. తల్లి లేదా తండ్రి ఒక్కరి పేరు ఇచ్చినా సరిపోతుంది. నోటరీ దగ్గర చేయించే అఫిడవిట్ల బదులు సాదా కాగితం మీద స్వీయ ప్రకటన ఇస్తే చాలు. 1989 జనవరి 26 నుంచి పుట్టినవారు జనన ధ్రువపత్రమే చూపాలన్న పాత నిబంధనను కూడా అప్పుడే తొలగించి, బడి టీసీ లేదా పదో తరగతి మెమో, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు, జీవిత బీమా పాలసీ బాండు వంటివాటిలో పుట్టిన తేదీ ఉంటే అంగీకరించాలన్నారు. జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందన్న కొత్త నియమం 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు మాత్రమే వర్తిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నోటరీ ముద్ర వేసిన పెళ్లి అఫిడవిట్ లేకుండా దరఖాస్తు ముందుకు పోదని చెప్పి డబ్బులు తీసుకునేవారు ఉన్నారంటే, ఆ సడలింపుల కబురు మన పల్లెలకు చేరలేదని అర్థం.

పెళ్లికి పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఒక న్యాయమైన స్థానం ఉంది. అది చిరునామాకు సంబంధించినది. భర్త పాస్‌పోర్ట్‌లో భార్య పేరు ఉండి, అందులోని చిరునామా, ఆమె ఇప్పటి చిరునామా ఒకటే అయితే ఆ పాస్‌పోర్ట్ మొదటి, చివరి పుటల నకలును ఆమె చిరునామా రుజువుగా ఇవ్వవచ్చు. భార్య పాస్‌పోర్ట్‌తో భర్త కూడా అలాగే చేయవచ్చు. అద్దె ఇళ్లలో ఉండేవారికి, కొత్తగా కాపురం పెట్టినవారికి ఇది ఎంతో ఉపయోగం. బహుశా ఈ వెసులుబాటునే కొందరు పౌరసత్వ రుజువుగా పొరబడి ఉంటారు. ఆధార్ విషయంలో కూడా ఇలాంటి పొరపాటే ఉంది. ఆధార్ సంఖ్య తనంతట తానుగా పౌరసత్వానికి గాని స్థిరనివాసానికి గాని రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టంలోని 9వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. పాస్‌పోర్ట్ దరఖాస్తులో అది చిరునామాకు పనికివస్తుంది. ఇక్కడే పుట్టినవారికి ఈ తేడా పెద్దగా అడ్డు రాదు. వేరే దేశం నుంచి వచ్చినవారికి మాత్రం ఇదే ప్రాణాంతకమైన తేడా, ఆ సంగతి తర్వాత చెబుతాను.

అంతకన్నా ముందు అస్సాం అనుభవాన్ని ఇక్కడ గుర్తుచేయక తప్పదు. అక్కడ జాతీయ పౌర పట్టిక (ఎన్నార్సీ) తయారుచేసినప్పుడు పెళ్లయి వేరే ఊరికి వెళ్లిన స్త్రీలకు పుట్టింటితో తమ సంబంధాన్ని చూపడానికి వేరే కాగితం లేక, గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రాల మీద ఆధారపడ్డారు. అలాంటి దరఖాస్తులు 40 లక్షలకు పైగా వచ్చాయి. 2017లో గువాహటి హైకోర్టు ఆ పత్రాలు చెల్లవన్నది. అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, అవి పౌరసత్వానికి రుజువులు కావు గాని, ఆమె ఫలానావారి కూతురు అని చూపే లంకె పత్రాలుగా పరిశీలించి అంగీకరించవచ్చని చెప్పింది. 2019 ఆగస్టు 31న విడుదలైన తుది జాబితాలో 19 లక్షలకు పైగా పేర్లు లేకుండాపోయాయి. మన రాష్ట్రంలో అలాంటి పట్టిక లేదు, ఎవరినీ భయపెట్టాలని ఈ మాట రాయడం లేదు. కానీ కూతురికి పెళ్లి చేసి పంపేటప్పుడు ఆమెకూ తల్లిదండ్రులకూ ఉన్న సంబంధాన్ని చూపే కాగితం ఒక్కటీ చేతికివ్వకుండా పంపే ఇళ్లు మన దగ్గర కూడా లెక్కలేనన్ని. చీరె సారె, పసుపు కుంకుమ పెట్టే పెట్టెలో ఆమె జనన ధ్రువపత్రం, బడి టీసీ అసలు కాగితాలు కూడా పెట్టి పంపడం తల్లిదండ్రుల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక విదేశం నుంచి వచ్చినవారి సంగతి. గల్ఫ్‌లో పనిచేసే చోట ఫిలిప్పీన్స్, నేపాల్, శ్రీలంక దేశాలవారితో పరిచయమై పెళ్లి చేసుకుని ఊరికి తీసుకువచ్చినవారు ఉత్తర తెలంగాణలో అక్కడక్కడా ఉన్నారు. ఆ కోడళ్లను ఊరు ఆదరిస్తుంది, వారు తెలుగు నేర్చుకుంటారు, పిల్లలు ఊరి బడికి పోతారు, ఓపికున్నవారు ఆధార్ కూడా సంపాదిస్తారు. అంతటితో ఆమె భారతీయురాలైపోయిందని ఇల్లంతా అనుకుంటుంది. చట్టం అలా అనుకోదు. పౌరసత్వ చట్టంలోని 5వ సెక్షన్ ఒకటో ఉపసెక్షన్ 'సి' ఖండం ప్రకారం భారత పౌరుణ్ని లేదా పౌరురాలిని పెళ్లాడిన వ్యక్తి నమోదు కోసం దరఖాస్తు చేయాలంటే ఏడేళ్లు భారతదేశంలో సాధారణ నివాసిగా ఉండాలి. ఆ ఏడేళ్లను లెక్కించే పద్ధతి కూడా చట్టంలోనే ఉంది. దరఖాస్తుకు ముందరి 12 నెలలు పూర్తిగా ఇక్కడే ఉండాలి, దానికి ముందరి ఎనిమిదేళ్లలో మొత్తం మీద కనీసం ఆరేళ్లు ఇక్కడ గడిపి ఉండాలి. అక్రమ వలసదారుగా ఉన్నవారికి ఈ దారి వర్తించదు, అంటే ఆ కాలమంతా చట్టప్రకారమే ఇక్కడ ఉండాలి. పుట్టింటికి వెళ్లి ఏడాది ఉండి వచ్చినవారు, భర్తతో మళ్లీ గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవారు ఈ లెక్కను ముందే చూసుకోవాలి. దరఖాస్తు జిల్లా కలెక్టర్ ద్వారా, రాష్ట్ర ప్రభుత్వం మీదుగా కేంద్ర హోంశాఖకు చేరుతుంది. అంగీకారం వచ్చాక భారత రాజ్యాంగానికి విధేయతా ప్రమాణం చేయాలి, పాత పౌరసత్వాన్ని వదులుకోవాలి, అప్పుడు నమోదు ధ్రువపత్రం చేతికి వస్తుంది. పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఆమె పౌరసత్వానికి రుజువు ఆ ధ్రువపత్రమే. పెళ్లి పత్రం ఆ నమోదు దరఖాస్తులో జతచేయవలసిన ఒక ఆధారం, అంతవరకే దాని పని.

ఈ దారి సుదీర్ఘమైనది కనుక అడ్డదారి చూపేవారు పుట్టుకొస్తారు. పుట్టిన ఊరిని మన మండలంలోని ఏదో గ్రామంగా రాసి, పౌరసత్వం పుట్టుకతో వచ్చినట్టు గడిలో గుర్తుపెట్టి పాస్‌పోర్ట్ ఇప్పిస్తామని చెబుతారు. దయచేసి ఎవరూ అలా చేయవద్దు. 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం తప్పుడు సమాచారం ఇచ్చి పాస్‌పోర్ట్ తీసుకుంటే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. భారత పౌరులు కానివారు తమ జాతీయతను దాచిపెట్టి దరఖాస్తు చేసినా, పాస్‌పోర్ట్ పొందినా ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, పది వేల నుంచి యాభై వేల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఏ తప్పూ తెలియని కోడలు, ఏజెంటు నింపిన ఒక్క గడి వల్ల నేరస్థురాలిగా నిలబడవలసి వస్తుంది. ఆ తర్వాత చట్టబద్ధమైన నమోదుకు కూడా ఆ కేసు అడ్డుపడుతుంది. ఏడేళ్లు ఆగవలసిన ఈ కుటుంబాలకు మధ్యలో ఇంకొక మార్గం ఉంది. పెళ్లి నమోదై రెండేళ్లు నిరంతరంగా కొనసాగితే విదేశీ జీవిత భాగస్వామి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులుగా ఉన్నవారికి ఈ వీలు లేదు. ఓసీఐ ఉంటే ప్రతిసారీ వీసా కోసం తిరగనక్కరలేదు గాని, అది పౌరసత్వం కాదు, దానితో ఓటు రాదు, భారత పాస్‌పోర్ట్ రాదు.

అమెరికా సంబంధాలు చూసే తల్లిదండ్రులకు కూడా ఒక్క మాట. అక్కడి పౌరుడికి కూతురినిచ్చినంత మాత్రాన ఆమెకు నీలిరంగు పాస్‌పోర్ట్ రాదు. పెళ్లయి రెండేళ్లు దాటకముందే వచ్చే గ్రీన్‌కార్డు షరతులతో కూడినది. ఆ షరతులు తొలగించుకుని, పౌరుడైన భర్తతో కలిసి కాపురం చేస్తూ గ్రీన్‌కార్డు మీద మూడేళ్లు గడిచాకే సహజీకరణకు అర్హత వస్తుంది. ప్రమాణం చేసి ఆ ధ్రువపత్రం తీసుకున్న రోజున మన చట్టంలోని 9వ సెక్షన్ వల్ల ఆమె భారత పౌరసత్వం ముగిసిపోతుంది, భారత పాస్‌పోర్ట్‌ను అప్పగించవలసి ఉంటుంది. పెళ్లికీ ఆ ప్రమాణానికీ మధ్య కాపురం చెడితే అమ్మాయి పరిస్థితి ఏమిటన్నది సంబంధం కలుపుకునే ముందే తెలుసుకోవాలి.

పిల్లల విషయం వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే తల్లుల కాగితాలు సరిగా ఉండాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం అదే. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారి పౌరసత్వం తల్లిదండ్రులిద్దరి స్థితి మీద ఆధారపడి ఉంది. ఆ సంవత్సరం తర్వాత పుట్టినవారు ఇప్పుడు పెళ్లీడుకు వచ్చారు, చదువులకు విదేశాలకు వెళ్తున్నారు. తల్లికి పుట్టిన తేదీకి ఆధారం లేకపోతే, రెండు పేర్లుంటే, ఆ లోపం కొడుకు కూతుళ్ల దరఖాస్తులోకి వచ్చి కూర్చుంటుంది. ఇక గల్ఫ్‌లో పుట్టిన పిల్లల జననాన్ని ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆ గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. దుబాయిలో ఉద్యోగం చేస్తూ బిడ్డను కని, నమోదు చేయించకుండా ఊరికి తెచ్చుకున్న దంపతులు ఆ తర్వాత పడే బాధ చూసినవారికి ఆ ఏడాది గడువు విలువ తెలుస్తుంది.

అధికారులను నేను కోరేవి ఎక్కువేమీ కావు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో, పోస్టాఫీసుల్లోని సేవా కేంద్రాల్లో, మీసేవ కేంద్రాల్లో వివాహ ధ్రువపత్రం తప్పనిసరి కాదన్న సంగతిని, విడిగా ఉంటున్న స్త్రీ భర్త పేరు ఇవ్వనవసరం లేదన్న సంగతిని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. విచారణకు వెళ్లే పోలీసు సిబ్బందికి భర్త పౌరసత్వాన్ని ప్రశ్నించవలసిన అవసరం లేదని, జిల్లా పేర్ల తేడా అనుమానానికి కారణం కాదని ఉన్నతాధికారులు రాతపూర్వకంగా తెలపాలి. ఏడాది దాటిన జననాల ఆలస్య నమోదుకు 2023 సవరణ తర్వాత కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు. జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో చేయవచ్చు. మన ఆర్డీవోలు మండల కేంద్రాల్లో నెలకొక రోజు కూర్చుని ఈ దరఖాస్తులు తీసుకుంటే, జనన ధ్రువపత్రం లేని వివాహితలకు ఎంతో మేలు జరుగుతుంది. పుట్టింటి ఊరు ఒక డివిజన్‌లో, అత్తింటి ఊరు మరో డివిజన్‌లో ఉన్నప్పుడు విచారణ నివేదికను ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి వారే పంపుకోవాలి, ఆ స్త్రీని బస్సుల్లో తిప్పకూడదు.

పెళ్లిని నమోదు చేయించవద్దని నేను ఎవరికీ చెప్పడం లేదని కూడా స్పష్టం చేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నిర్బంధ వివాహ నమోదు చట్టం ఇప్పటికీ మనకు వర్తిస్తుంది. అన్ని మతాలవారి వివాహాలూ నమోదు కావాలని 2006లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. భర్త దగ్గరికి వెళ్లడానికి వీసా కావాలన్నా, దూరదేశంలో భర్త చనిపోతే బకాయిలు, పరిహారం అడగాలన్నా, వదిలేసి వెళ్లినవాడి మీద న్యాయం కోరాలన్నా స్త్రీకి ఆ పత్రం అండగా నిలుస్తుంది. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ దరఖాస్తు కోసం తహసీల్ కార్యాలయానికి వచ్చే ప్రతి కొత్త జంట పెళ్లినీ అదే సమయంలో నమోదు చేయించే ఏర్పాటు ఉంటే, విడిగా ప్రచారం చేయనక్కరలేకుండానే మన జిల్లాల్లో ఎక్కువ పెళ్లిళ్లు రికార్డుకెక్కుతాయి. దానితో పాటు వధువు జనన ధ్రువపత్రం ఉన్నదీ లేనిదీ అక్కడే చూసి, లేకపోతే ఆలస్య నమోదు దరఖాస్తును ఆ పూటే తీసుకోవచ్చు. ఈ రెండు పనులూ ఒకే బల్ల దగ్గర జరిగేలా ఉత్తర్వులివ్వాలని హనుమకొండ, వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ముఖంగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగిని,
హనుమకొండ